బంగళా తోటలో రెండో పెళ్లి

గిద్దలూరు అవతల, అడవి మొదలయ్యే చోట, తెల్లదొరల కాలంలో ఓ కలప కాంట్రాక్టరు కట్టించుకున్న బంగళా ఉంది. రాతి స్తంభాలు, నల్ల పలకలు పరిచిన వసారా, చుట్టూ మామిడి, సంపెంగ తోట. ఇప్పుడు దాన్ని పెళ్లిళ్లకు అద్దెకిస్తున్నారు. పక్క ఊళ్లో జనం ట్యాంకరు కోసం బిందెలు వరసబెట్టుకుని కూర్చుంటే, ఇక్కడ ఫౌంటెను మాత్రం హాయిగా చిమ్ముతుంటుంది. ఫొటోల్లో గోడలు పాతవై, పెళ్లికూతురు కొత్తదై ఉంటే చాలు, డబ్బున్న మహారాజులకు ఇంకేం కావాలి!

అక్కడ జరిగే ఒక పెళ్లికి పద్మమ్మ కొమరోలు నుంచి భర్తతో, మనవరాలు అంజలిని వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. పెళ్లికొడుకు లక్ష్మణ్ ఆమె అల్లుడే. కూతురు ప్రియదర్శిని పోయి ఏడాది దాటింది. బాత్రూంలో జారిపడిందని అత్తింటివాళ్లు మార్కాపురంలో అందరికీ చెప్పారు. చివరి స్నానం చేయించింది పద్మమ్మే. వీపు నిండా బెల్టు వాతలు ఆమె కళ్లారా చూసింది. కేసు పెడతానంటే, నాలుగేళ్ల అంజలిని మళ్లీ కంటితో చూడనివ్వమన్నారు. గమ్మునుంటే పిల్ల మీ దగ్గరే ఉంటుందన్నారు. పద్మమ్మ నోరు మూసుకుంది.

రెండో పెళ్లికి వాళ్లలో ఒక ఆచారం ఉంది. పోయిన భార్య పేరిట చిన్న బంగారు బిళ్ళ చేయించి, ఆమెను కన్న తల్లే కొత్త పెళ్లికూతురి మెడలో కట్టాలి. అప్పటి నుంచి ఈ పిల్ల ఆమెకు కూతురే. వియ్యపురాలు నాగరత్నమ్మ ఇంటికొచ్చి మరీ పిలిచింది. రానంటే అంజలి దక్కదు.

"నోరు జారొద్దు, నీకు దండం పెడతా," అన్నాడు భర్త ఆదిశేషు, బస్సు దిగేటప్పుడు కూడా.

పెళ్లికూతురు యామినిది దొనకొండ. తల్లి లేని పిల్ల. పూలజడ బరువుకు మెడ పక్కకు వాలుతోంది. పద్మమ్మ బిళ్ళ కట్టగానే వంగి కాళ్లకు మొక్కింది. నాగరత్నమ్మ గది దాటిందో లేదో, యామిని పద్మమ్మ చేయి పట్టుకుంది.

"అమ్మా, ఒక మాట అడుగుతా. అక్కను ఆ ఇంట్లో ఎట్ల చూసుకున్నారు? నాకెవరూ నిజం చెప్పరు. నువ్వు చెప్తే నమ్ముతా. వద్దంటే ఇప్పుడే లేసి పోతా."

పద్మమ్మ కిటికీలోంచి చూసింది. బయట ఫౌంటెను దగ్గర అంజలి కేరింతలు వినిపిస్తున్నాయి. నిజం చెబితే ఈ పిల్ల బతికిపోతుంది, ఆ పిల్ల చెయ్యి జారిపోతుంది.

"బంగారం మాదిరి చూసుకున్నారమ్మా," అంది. "ఆయన చెయ్యెత్తి ఎరగడు."

పాపిష్టి నాలుక, ఎంత తేలిగ్గా తిరిగింది!

యామిని కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు చూడలేక పద్మమ్మ బయటికి వచ్చేసింది.

తలంబ్రాలయ్యాయి, భోజనాలయ్యాయి. అప్పగింతలప్పుడు యామిని ఏడవలేదు. తిన్నగా వచ్చి పద్మమ్మ చంకలోంచి అంజలిని ఎత్తుకుంది.

"పాపను మాతోనే తీసకపోతన్నామమ్మా. నీ దగ్గరే ఉండనీ అన్నాడు ఆయన. నేనే పట్టుబట్టినా. తల్లి లేకుండా పెరగడం ఏందో నాకు తెలుసు. ఇల్లు ఎట్లాంటిదోనని భయపడతా ఉంటి. నువ్వు చెప్పినాక ధైర్యం వచ్చింది."

"వద్దు!" అని అరిచింది పద్మమ్మ.

అంతా తిరిగి చూశారు.

"ఏంది వదినా, ఎందుకు వద్దు?" అంది నాగరత్నమ్మ నెమ్మదిగా.

ఆదిశేషు కొంగు పట్టి లాగుతున్నాడు. పద్మమ్మ విదిలించుకుంది.

"వాడు కొడతాడమ్మా! నా బిడ్డను కొట్టి చంపినాడు! పొద్దున నీకు అబద్ధం చెప్పినా!"

యామిని ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత జాలిగా ఆమె భుజం నిమిరింది.

"పాపను వదల్లేక ఇట్ల అంటన్నావు. ఊరుకో అమ్మా. ఆదివారం తీసకొస్తాంలే."

లక్ష్మణ్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఎక్కనని అంజలి కాళ్లు తన్నుకుంటుంటే, యామిని ముద్దు పెట్టి, బుజ్జగించి, లోపలికి ఎక్కించింది.