కొబ్బరి మొవ్వుల ఎత్తు

ఎరుపంటే మెరక, నీలమంటే పల్లం అని కదా చెప్పింది హేమ, మరి పాతపాయలంక ఎర్రగా ఉందేమిటి, ఆఫీసు ఊడుస్తున్న రూతు చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది, యాభయ్యో ఏట నేర్చుకున్న అక్షరాలు మోసం చేస్తున్నాయేమోనని కంప్యూటరు తెర మీది పటంలో పేరు మళ్ళీ కూడబలుక్కుంది, తన ఊరే, గోదారి పొంగితే అందరికంటే ముందు మునిగే ఊరు, పక్కనున్న చర్చి దిబ్బేమో నీలంగా ఉంది, ఎనభయ్యారు వరదలో నీళ్ళెక్కనిది ఆ ఒక్క దిబ్బే కదా, ఏంటండీ పిన్నిగారూ దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నారు, మీ ఊరు మెరకేనండోయ్, ఆకాశంలోంచి కొలిచేరు, ఆ అంకెలు నేనే కూర్చి రంగులేసేను, అంటోంది హేమ, రాజోలు టౌన్లో పెరిగిన పిల్ల, లంక మొహం చూసి ఎరగదు, సాయంత్రం ఈ పటం పై అధికారులకి వెళ్ళిపోతుందట, వరదొస్తే నీలం ఊళ్ళకే పడవలట, ఎర్ర ఊళ్ళ వాళ్ళు ఇళ్ళల్లోనే ఉండొచ్చట, ఇళ్ళల్లోనే, రూతు అరికాళ్ళు చల్లబడ్డాయి, తుడిచిన గచ్చు తడేనా ఇది, ఆ వరద రోజూ ముందు అరికాళ్ళకే తెలిసింది, మంచం కోళ్ళు మునిగాయి, పొయ్యి మునిగింది, ఎక్కవే, కిందికి చూడకు, అంటూ మొగుడు ఏసుపాదం కొబ్బరిచెట్టు మీదికి భుజంతో నెడుతున్నాడు, ఊరందరి కొబ్బరి దింపులూ తీసే మనిషి, చెట్టెక్కే తన తాడుతోనే ఆమెను చెట్టు కొసన మొవ్వు కింద కట్టేశాడు, మరి నువ్వో అంటే, ఇద్దర్నీ మొయ్యదే ఇది, అని నవ్వి పక్క చెట్టు కోసం దిగాడు, అంతే, మర్నాడు హెలికాప్టరు నెత్తి మీదుగానే వెళ్ళింది, ఆమె గొంతు పోయేలా అరిచింది, కొంగు ఊపింది, ఆగలేదు, పైనుంచి చూసేవాళ్ళకి మట్టల కింద మనిషి కనపడదు, నీళ్ళూ కనపడవు, ఊరంతా పచ్చటి మట్టలే, గచ్చులా పరుచుకుని.

గచ్చులా, చర్చి దిబ్బ మీద ఒక్క చెట్టూ లేదు, హేమమ్మా, ఆకాశంలోంచి కొలిచింది నేలనా, మట్టల్నా, హేమ నవ్వు ఆగిపోయింది, చెట్ల ఎత్తు తీసెయ్యాలండీ, నేను తియ్యలేదు పిన్నిగారూ, అంది, పటం అయ్యిందా అమ్మా అని పక్క గదిలోంచి ఆఫీసరు గంగాధరరావు గారి కేక, ఆయ్, అయ్యిందండీ, అనేసింది పిల్ల భయంతో, అంత చదివినదానికే నోరు రాకపోతే గచ్చు తుడిచే తనకెలా వస్తుంది, ఉన్న పనీ ఊడుతుందేమో, అయినా కాళ్ళు ఆ గది వైపే నడుస్తున్నాయి, పంపకండి అయ్యగారండీ, అన్న గొంతు తనదేనా, ఆ ఎరుపు నేల కాదండీ, అది ఏసుపాదం తనను వదిలిన ఎత్తు, తాడుతో కట్టేస్తే తప్ప మనిషి నిలవలేని ఎత్తు.