తెరుచుకోని గొడుగు

నేను ఒక అట్టగొట్టం రాకెట్‌ని. ప్రస్తుతం రెండు వందల మీటర్ల ఎత్తు నుంచి తలకిందులుగా పడిపోతున్నాను. కడుపులో పారాచూట్ ఉంది, తెరుచుకోవడం లేదు. కింద హద్దుగా కట్టిన తాడు అవతల పదకొండు మంది ఆడపిల్లలు తలలెత్తి నన్నే చూస్తున్నారు.

హేమావతి వాళ్లను పక్కకు లాగేసింది. తాడుకు నాలుగడుగుల ఇవతల నల్లరేగడిలో దిగబడ్డాను. పిల్లలకేం కాలేదు. నాకు ఒక రెక్క ఊడింది.

నన్ను చేసింది హేమావతే, కర్నూలు పక్కన ఓ బడిలో సైన్సు టీచరు. ఆ పిల్లలు ఆమె బడివాళ్లే. మూడు ఆదివారాలు కూర్చుని గొట్టానికి పల్చటి చెక్క రెక్కలు అతికించింది. ఒళ్లంతా పసుపు రంగు వేసింది. పారాచూట్‌కు పౌడరు రాసి మడిచింది, దానికి మంట తగలకుండా కింద కాగితం కూరింది. పైకెళ్లాక మోటారు చివర్లో కొంచెం మందు పేలుతుంది. ఆ ఊపుకి నా ముక్కు ఊడాలి, పారాచూట్ బయటపడాలి. మా బతుకంతా ఆ ఒక్క క్షణమే.

మా రాకెట్ల క్లబ్బులో ఒక రూలు ఉంది. పారాచూట్ తెరుచుకోకపోతే, మడిచినవాళ్లు ఏడాదిపాటు రాకెట్ ముట్టకూడదు. వచ్చే నెల ఆ పిల్లల చేత ఎగరేయిస్తానని హేమావతి మాటిచ్చింది.

క్లబ్బు కుర్రాడు జిలానీ నన్ను మట్టిలోంచి పీకాడు. "హేమక్కా, పారాచూట్ మడిచావా, చీర మడిచావా?" అన్నాడు. ఆమె ముఖం చూసి నవ్వు మింగేశాడు. ఆమె తన పేరు రాసుకోవడానికి క్లబ్బు రిజిస్టరు తెరిచి పెన్ను తీసింది.

నాకు నిజం తెలుసు. చెప్పడానికి నోరే లేదు.

అధ్యక్షుడు కోదండపాణి మాస్టారు నన్ను చేతిలోకి తీసుకున్నారు. ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పిన మనిషి. పరీక్షించకుండా ఏదీ నమ్మొద్దని మా క్లబ్బులో రోజూ చెప్పేది ఆయనే. ఎగరేసే ముందు చివరి తనిఖీకి నా దగ్గరికి ఒంటరిగా వచ్చిందీ ఆయనే. ఆయన బొటనవేలు నా మెడ దగ్గర, ముక్కు గొట్టంలో దిగే చోట ఆగింది. అక్కడ పసుపు రంగు మీద పసుపు దారం, మూడు చుట్లు, గట్టి ముడి. క్షేమంగా దిగాలని కట్టిన రక్ష. పేలిన మందు ముక్కును ఊడదొయ్యలేక మోటారునే వెనక్కి తన్నేసింది.

ఆమె పెన్ను కాగితానికి ఆనింది.

"ఆగమ్మా," అన్నారు మాస్టారు. దారం అందరికీ కనబడేలా నన్ను పైకెత్తారు. "నువ్వు మడిచింది బాగానే ఉంది. దాని మెడకు ముడేసింది వేరే మనిషి. పేరు నేను చెప్తాను, రాయి. కోదండపాణి."