తలుపు దగ్గర ఆగిన వాక్యం

నేను ఒక నవలలో మొదటి సగాన్ని. రెండో సగాన్ని ఒక మనిషి నీళ్లపొయ్యిలో పెట్టి కాల్చాడు. రైల్లో మరిచిపోయానని చెప్పాడు. అది అబద్ధం. పక్కన నేనున్నాను.

వాణ్ణి క్షమించలేదు, క్షమించను. మిగతా మనుషులకు మాత్రం రుణపడి ఉన్నాను. వాళ్ల కోసమే నోరు విప్పుతున్నాను.

నన్ను రాజమండ్రిలో ఒక లాడ్జి గదిలో రాశారు. రాసినాయన జర్మనీ చూడలేదు, అర్జెంటీనా చూడలేదు, మంచు కూడా చూడలేదు. అందుకే నా మూడో అధ్యాయంలో మంచు దూది ఏకినట్టు పొడిపొడిగా రాలుతుంది, ఎవరి బట్టలూ తడవవు. అర్జెంటీనా హోటల్లో గూఢచారి పెసరట్టు తిన్నాడు. ప్రూఫులు దిద్దినాయన అది కొట్టేశాడు గాని అల్లం పచ్చడి మిగిలిపోయింది. మనుషులు ఇలాంటివి పట్టించుకోరు. నాకు వాళ్లలో నచ్చే గుణాల్లో అదొకటి.

కథ మాత్రం గట్టిది. యుద్ధంలో ఒక నాజీ అధికారి వేలమందిని రైలుపెట్టెల్లో కుక్కించి చావుకు పంపుతాడు. ఓడిపోయాక పేరు మార్చుకుని సముద్రం దాటిపోతాడు. ఒక చిన్న ఊళ్లో గడియారాలు బాగుచేసుకుంటూ, కిటికీలో పూలమొక్కలు పెంచుకుంటూ మంచి ముసలాయన అనిపించుకుంటాడు. ఆ రైళ్లలో తల్లినీ చెల్లినీ పోగొట్టుకున్న ఒకతను వాడి కోసం ఊళ్లూ దేశాలూ తిరుగుతాడు. అతని దగ్గర తుపాకీ లేదు. ఓపిక ఉంది.

నేను నరసాపురం బస్టాండు వెనక గున్నేశ్వరరావు అద్దె పుస్తకాల కొట్టుకి చేరాను. అప్పటికి మేమిద్దరం ఒకే పుస్తకం, ఒకే దారం. అద్దె కొట్లలో లావు పుస్తకాన్ని రెండు ముక్కలు చేస్తారు. ఒకరు మొదటి భాగం చదువుతుంటే ఇంకొకరు రెండోది చదువుతారు, కొట్టువాడికి రెండు అద్దెలు. ఆ కోత బైండింగు చేసేవాడి చేతిలో ఉంటుంది. వాడు అధ్యాయం చూడడు, కథ చూడడు. కుట్టు ఎక్కడ తేలిగ్గా వదులుతుందో చూసి అక్కడ కోస్తాడు. మమ్మల్ని అలాగే కోశాడు. నా ఆఖరి పేజీ ఆఖరి పంక్తి ఇది:

‘తలుపు తెరుచుకుంది. అతను ముసలివాడి కళ్లలోకి చూసి, ఇన్నేళ్లుగా ఎవరూ పిలవని ఆ పేరుతో’

అక్కడికి నేను అయిపోతాను. ‘పిలిచాడు’ అన్న మాటతో రెండోది మొదలవుతుంది.

చాలాకాలం మేం అలమరలో పక్కపక్కనే నిలబడ్డాం. మనుషులు నన్ను ముగించి, అన్నం కూడా తినకుండా సైకిలెక్కి వచ్చేవారు. ధాన్యం బ్రోకరు సత్తిరాజు ఒకసారి చెప్పులు లేకుండా వచ్చాడు.

“ఏవండీ గున్నేశ్వర్రావుగారూ, మడిసిని ఇలా గుమ్మంలో నిలబెట్టేత్తారేంటండీ? రెండోదెక్కడ?”

“కాంపౌండరుగారు తీసుకెళ్లారండి. రేపిత్తారు.”

“రేపా! రాత్రంతా ఏం చెయ్యమంటారండీ నన్ను?”

“నిద్రపోండి.”

“ఆ జర్మనీవోడు దొరికాడో లేదో తెలీకుండా నిద్దరేంటండీ. మా ఊరి చిట్టీలాయన పారిపోయాడు చూశారా, అడిగినోడు లేడు. వీడి కోసం ఒకడు సముద్రాలు దాటొచ్చాడండీ. అదీ మడిసంటే.”

ఇలాంటి నవలలు ఇన్నేళ్లుగా ఎందుకు చదువుతారని ఎవరైనా అడిగితే సత్తిరాజు మాట చెబుతాను. జర్మనీ ఏ దిక్కునుందో వాళ్లకు తెలియదు. కాని తప్పించుకుపోయినవాడు ఒకడు ప్రతి ఇంటి కథలోనూ ఉన్నాడు. వెతికేవాడు మాత్రం ఏ ఇంట్లోనూ లేడు. నా పేజీల్లో ఉన్నాడు. అందుకే నన్ను ఒళ్లో పెట్టుకునేవారు, గొడుగు కింద పెట్టి తడవకుండా తీసుకొచ్చేవారు. ఆ మర్యాద నేను మరిచిపోలేదు.

అందరికన్నా ఎక్కువసార్లు తీసుకెళ్లింది మంగతాయారు. లేసు అల్లి బతికే మనిషి. ఆమె చిన్నప్పుడు, ఎగువ ఊళ్లో, వరద రోజున గోదావరిలో కిక్కిరిసిన లాంచీ మునిగి తమ్ముడు చనిపోయాడు. లాంచీ నడిపే సరంగు బుల్లబ్బులు శవం దొరకలేదు. వాడూ పోయాడనుకున్నారు. జనం ఎక్కొద్దంటే వినకుండా ఎక్కారని లాంచీ మనుషులు చెప్పారు, ఊరు నమ్మింది. తాయారు గట్టుమీద నిలబడి చూసింది. సరంగే చెయ్యందించి, “రారా అబ్బాయ్, ఒక్కడికి చోటు లేకపోద్దా” అని తమ్ముణ్ణి పైకి లాగాడు. ఆ మాట చెబితే, చిన్నపిల్లవి, నీకేం తెలుసన్నారు. తల్లి కూడా నమ్మలేదు. కొడుకు మొండితనమే కొడుకుని తినేసిందని ఏడుస్తూనే కన్నుమూసింది. తాయారు గుండెలో ఆ ఒక్క మాట అలాగే ఉండిపోయింది. నన్ను చదివేటప్పుడు ఆఖరి పేజీ దగ్గర ఆమె వేళ్లు చల్లబడేవి.

ప్రసాదరావు అనే పెద్దమనిషి తర్వాత వచ్చాడు. తెల్లగడ్డం, కళ్లజోడు, హోమియో మాత్రల పెట్టె. పిల్లలకు ఊరికే మాత్రలు పోసేవాడు. వీధంతా డాక్టరుగారనేది. ఆయన మమ్మల్నిద్దర్నీ ఒకేసారి ఇంటికి తీసుకెళ్లాడు. నన్ను మెల్లగా, ఇష్టంగా చదివాడు. తర్వాత రెండోదాన్ని తెరిచి మొదటి మాట చదివాడు. మూసేశాడు. మమ్మల్నిద్దర్నీ పెరట్లో నీళ్లపొయ్యి దగ్గరికి తీసుకెళ్లాడు.

మర్నాడు కొట్లో, చదవకుండానే రైల్లో పోయిందని చెప్పి, బేరమాడకుండా ధర ఇచ్చేశాడు. గున్నేశ్వరరావు ఆయన నిజాయితీకి మురిసిపోయాడు. మనుషులు ఇంత తేలిగ్గా మురుస్తారు.

ఆ తర్వాత కూడా ఆయన నన్ను తీసుకెళ్తూనే ఉన్నాడు. కారణం నాకు తెలుసు. నా ఆఖరి పేజీ దాకా ఆ ముసలివాడిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. మిగతావాళ్లు వెతికేవాడి కోసం చదివారు. ఈయన దాక్కున్నవాడి కోసం చదివాడు.

ఒక సాయంత్రం ఆయన నన్ను తిరిగివ్వడానికి వచ్చాడు. తాయారు కొట్లోనే ఉంది.

“మీకూ ఇదంటే ఇష్టమేనాండీ డాక్టరుగారూ?” అంది.

“బానే ఉంటదమ్మా. అయినా ముసలాడైపోయాడు కదా పాపం, ఇంకా ఎంటపడ్డం దేనికి? ఆడొక్కడిదేనా తప్పు? జనం మాత్రం, ఎక్కొద్దంటే ఇంటారేంటి?”

“డాక్టరుగారు మెత్తటి మనిషమ్మా,” అని నవ్వాడు గున్నేశ్వరరావు.

తాయారు నవ్వలేదు. “ఇందులో ఎక్కొద్దని ఎవరన్నారండీ? తుపాకులు పెట్టి ఎక్కించారు కదా.”

“ఏదోలేమ్మా. మతిమరుపు.” ఆయన నన్ను బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. గొడుగు మరిచిపోయాడు.

ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది. “గున్నేశ్వర్రావుగారూ, రెండోది పోయాక ఆఖరికేమైందని మిమ్మల్ని అడగనివాళ్లు ఉన్నారా?”

“పీక మీద కూర్చుంటున్నారమ్మా. ప్రతివాడికీ కథంతా నోటితో చెప్పలేక చస్తన్నాను.”

“ఈయన అడిగాడా?”

గున్నేశ్వరరావు మొహంలో నవ్వు పోయింది. “లేదమ్మా. ఒక్కసారీ అడగలేదు.”

ఆమె అక్కడే నిలబడి తమ్ముడి సంగతంతా చెప్పింది. కొట్లో ఉన్న సత్తిరాజు, కాంపౌండరు కూడా విన్నారు. చిన్నపిల్లవి అని ఎవరూ అనలేదు. అదే మొదటిసారి.

నన్ను చంకలో పెట్టుకుని బయల్దేరింది. రమ్మనకుండానే ముగ్గురూ వెనక నడిచారు. తలుపు కొట్టింది. తలుపు తెరుచుకుంది. ఆమె ముసలివాడి కళ్లలోకి చూసింది.

“సరంగు బుల్లబ్బులుగారూ.”

రెండో భాగం లేని పుస్తకాన్ని. నా వాక్యం ఆ వేళ పూర్తయింది.

ఆయన తలుపు మూయబోయి ఆగాడు. “ఆడు పోయాడమ్మా. గోదాట్లో పోయాడు,” అన్నాడు.

“పోయింది మా తమ్ముడండీ. మీరు చెయ్యిచ్చి లాగారు. నేను గట్టుమీదున్నాను.”

ఆయన వీధి వైపు చూశాడు. సత్తిరాజు మెట్ల మీద చతికిలబడ్డాడు. “కూకోండి డాక్టరుగారూ. మాకేం తొందర్లేదు. ఈ గుమ్మం దగ్గర ఆగడం మాకు అలవాటే.”

బుల్లబ్బులు గడప మీద కూలబడ్డాడు. కళ్లజోడు తీశాడు.

“నేనే లాగాను. ఎక్కొద్దని ఎవరితోనూ అన్లేదు. మునుగుతుంటే ముందు నేనే దూకేశాను.”

“గట్టిగా చెప్పండి,” అంది తాయారు. “వీళ్లందరూ వినాలి.”

ఆయన గట్టిగా చెప్పాడు. మాత్రల కోసం వచ్చిన వీధివాళ్లూ విన్నారు. పోలీసులు వచ్చేదాకా కాంపౌండరు ఆయనకు మంచినీళ్లిచ్చాడు, సత్తిరాజు మెట్లు దిగలేదు. తర్వాత కేసు నడిచింది. శిక్ష చిన్నదే పడింది. తాయారు తల్లి ఫొటో ముందు కూర్చుని, “విన్నావా అమ్మా, వాడు మొండితనం చెయ్యలేదు,” అని చెప్పింది. నేను ఆమె ఒళ్లో ఉన్నాను.

ఇప్పుడు కొట్టు లేదు. మూసేటప్పుడు గున్నేశ్వరరావు నన్ను ఆమెకే ఇచ్చేశాడు. నా అట్ట ఊడిపోయింది, పేరు కూడా దానితోనే పోయింది. లేసు బుట్టలో ఉంటాను. ఆమె నా మీద దారపు ఉండ పెట్టుకుంటుంది. అప్పుడప్పుడు సత్తిరాజు కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఓ అధ్యాయం చదవమ్మా అంటాడు. ఆమె చదువుతుంది. అల్లం పచ్చడి దగ్గర ఇద్దరూ నవ్వుతారు. నాకు హాయిగా ఉంటుంది. దేశం చూడనివాడు రాసి, కథ చూడనివాడు కోస్తే, నన్ను ముగించింది వీళ్లు. వీళ్లకు నా నమస్కారం.

రెండో భాగంలో ఏముందని మీరూ అడుగుతారు. ఒకే దారం మీద బతికినవాణ్ణి, ప్రతి పంక్తీ నాకు తెలుసు. అది ఎలా కాలిందో కూడా తెలుసు. మొదట్లో ఒకసారి చెప్పాను. దాని సంగతి ఇంకెప్పుడూ, ఎవరితోనూ ఎత్తను.