కదిలింది ఎవరు

అత్తగారు సంచి సర్దుతున్నారు. అడుగున పాత తువ్వాలు పరిచి, పళ్ళు పీకే పటకార్లను గుడ్డలో చుట్టి దాని మీద పెట్టారు. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాలు, దూది, చేతి తొడుగులు, బ్యాటరీతో తిరిగే డ్రిల్లు ఒక పక్కన. మామగారి ఉన్ని చొక్కా, బీపీ మాత్రలు ఇంకో పక్కన. అలవాటైన పని కాబట్టి ఆమె చేతులకు కళ్ళ అవసరం లేదు. కొండ అవతల రాళ్ళ క్వారీలో పనిచేసేవాళ్ళ బస ఉంది. మామగారు నెలకోసారి బస్సెక్కి వెళ్ళి, రెండు రోజులుండి, వాళ్ళ పళ్ళు ఊరికే బాగుచేసి వస్తారు. ఆ రోజు బస్సు మధ్యాహ్నం.

కోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమె కూడా పళ్ళ డాక్టరే. కాలేజీలో నేర్చింది కొంత, పెళ్ళయ్యాక మామగారి పక్కన నిలబడి నేర్చింది ఎక్కువ. ఈసారి ఆయన బస్సెక్కకూడదని పొద్దున లేచినప్పటి నుంచీ అనుకుంటోంది. నోరు పెగలడం లేదు.

నిన్న రొట్టెల దుకాణం ఆవిడ పుప్పి పన్నుతో వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు పెద్ద డాక్టరు గారంటేనే గురి. "కదలకు తల్లీ, కదిలితే పాపం నాది కాదు" అని నవ్వించి ఆయన డ్రిల్లు అందుకున్నారు. వచ్చిన ప్రతివాళ్ళతోనూ అనే మాటే అది. కోడలు ఉమ్మి లాగే గొట్టం పట్టుకుని ఆ నోట్లోకే చూస్తోంది. పక్క పన్ను మీద ఆనించి ఉండాల్సిన ఆయన ఉంగరపు వేలు గాలిలోకి లేచి సన్నగా వణికింది. డ్రిల్లు జారింది. బుగ్గ లోపల చీరుకుపోయి నోరంతా రక్తం అయింది.

"చెప్పానా కదలొద్దని!" అన్నారాయన.

కుట్లు కోడలే వేసింది. లేచి వెళుతూ ఆవిడ, మొద్దుబారిన నోటితోనే, "క్షమించండి డాక్టరు గారూ, నాదే పొరపాటు" అంది. కోడలు తలెత్తకుండా గొట్టం కడుగుతూ ఉండిపోయింది.

"అత్తయ్యా, మామయ్య చెయ్యి వణుకుతోంది. మీకు తెలుసా?" అని గుమ్మం దగ్గర నుంచే అడిగింది కోడలు.

అత్తగారు ఉన్ని చొక్కా మడత విప్పి మళ్ళీ మడిచారు. "ఎండాకాలం నుంచీ ఆయనకు గ్లాసు సగమే పోస్తున్నాను. నిండుగా పోస్తే తొణుకుతుంది. సగమే పోశావేమని ఆయనా అడగలేదు."

"మరి నాకొక మాట చెప్పొద్దా?"

"రోజంతా పక్కనే ఉండేదానివి. నీకే కనపడలేదంటే నాదే భ్రమనుకున్నాను. వెళ్ళి చెప్పి చూడు. నావల్ల మాత్రం కాదు. ఇంట్లో కూర్చోమంటే ఆయన మనిషిలా మిగలరు."

ఇంటి ముందు గదే ఆసుపత్రి. మామగారు కిటికీ దగ్గర నిలబడి డ్రిల్లు కొనకు బిగించే సన్నటి ముళ్ళు ఏరుకుంటున్నారు.

"ఏంటా మొహం? మీ ఆయనకు గానీ పన్ను నొప్పి పుట్టిందా?"

"మామయ్యా, నిన్న ఆవిడ కదల్లేదు."

"కదిలింది. కళ్ళారా చూశాను."

"మీరు పన్ను చూస్తున్నారు. నేను మీ వేలు చూస్తున్నాను. వేలు ఆనకుండా డ్రిల్లు తిప్పితే వీపు పగలగొడతానని నన్ను బెదిరించింది మీరే కదా."

"అబ్బో, నాకే పాఠమా!" నవ్వబోయారు గానీ ఆ నవ్వు ఆయన మొహం మీద నిలవలేదు. "సరే, జారింది. ఎవరికి జారదు? క్వారీ వాళ్ళకు నేను తప్ప దిక్కెవరే? దవడ బండరాయిలా వాచినా పట్టించుకునే నాథుడు లేడు. అసలు చెయ్యే లేకపోవడం కన్నా వణికే చెయ్యి నయం కాదూ?"

నిన్నటి నుంచీ కోడలి నోరు కట్టేసింది ఈ ప్రశ్నే.

"నయం కాదు మామయ్యా," అంది చివరికి. "ఇక్కడ మీరు కోస్తే కుట్టడానికి నేనున్నాను. అక్కడ నాలుక తెగితే ఎవరున్నారు? కదిలావని మీరంటే వాళ్ళూ అవుననే అంటారు. ఈసారి నేను వెళ్తాను. ఇకమీదట కూడా నేనే."

"అంటే నన్నింక..."

తలుపు చప్పుడైంది. గాయం చూపించుకోవడానికి రొట్టెల దుకాణం ఆవిడ వచ్చింది. బుగ్గ ఉబ్బి ఒక కన్ను చిన్నదైంది.

"నిన్న మిమ్మల్ని భలే ఇబ్బంది పెట్టాను డాక్టరు గారూ. మా ఇంట్లో కూడా చీవాట్లు పెట్టారు, కాసేపు కుదురుగా కూర్చోలేవా అని."

కోడలు కుట్లు చూసింది. శుభ్రంగా ఉన్నాయి. ఇలాంటివి జరుగుతూ ఉంటాయి అనబోయింది. అది అబద్ధమూ కాదు. ఆ మాట మింగేసింది.

"మీరు కదల్లేదండీ. చెయ్యి జారింది. తప్పు మాది."

"మాది కాదు, నాది" అన్నారు మామగారు కిటికీ దగ్గర నుంచి. "కదిలింది నా చెయ్యి తల్లీ."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పోనీలెండి, వయసు మీదపడింది మీకు" అంది ఆయనతో. తర్వాత కోడలి వైపు తిరిగింది. "మీకెప్పుడు తెలిసింది?"

"అప్పుడే."

"నేను క్షమించమని బతిమాలుతున్నప్పుడా?"

"అంతకు ముందే."

"ఆయన చెయ్యి వణికింది, సరే. మీ నోటికేమైంది డాక్టరమ్మా?"

"ఏమీ కాలేదు. చెప్పలేదంతే."

ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మామగారు కిటికీ దగ్గర నుంచి కదిలారు. ఏరిన ముళ్ళన్నీ కోడలి ముందు పెట్టారు. "క్వారీ మేస్త్రీ పెళ్ళాం పన్ను పోయిన నెల సగంలో వదిలి వచ్చాను. ముందు ఆవిడను చూడు. భయస్తురాలు, నవ్వించి మొదలుపెట్టు" అన్నారు. మధ్యాహ్నం బస్సుకు కోడలు వెళ్ళింది.

అప్పటి నుంచి ఆయన డ్రిల్లు ముట్టలేదు. సాయంత్రాలు రొట్టెల దుకాణం ముందు కుర్చీ వేయించుకుని కబుర్లు చెబుతారు. ఆవిడ కూడా ఆయనతో నవ్వుతూనే మాట్లాడుతుంది. కుట్లు మాత్రం వేరే డాక్టరు దగ్గర తీయించుకుందని కోడలికి ఆయన ద్వారానే తెలిసింది. కుట్లు తీయించుకోవడానికి ఆవిడ ఆసుపత్రికి రావలసింది తర్వాతి శనివారం. ఆ శనివారం రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.