పాస్ పక్కన చిన్నమాట

నాచారం చౌరస్తా దగ్గర టైర్ల షాపు పైన ఉన్న గదిలో దోర్కా ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతుంది. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, సాయంత్రం ఐదింటికి ఇంకొకటి. మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, ఉప్పల్ షోరూముల్లో రోజంతా నిలబడే ఆడపిల్లలు, అంతా కలిపి పాతికమంది దాకా వస్తారు. పొద్దుటి బ్యాచ్ పోగానే ఆమె గది ఊడ్చి, తాళం వేసి, ఇంటికి పోయి వంట చేస్తుంది. అత్త మార్తమ్మకు షుగరు. పన్నెండు దాటినా తినకపోతే కళ్ళు తిరుగుతాయి.

గదిలో నల్లబోర్డు చాలా పాతది. దాని మీద ఎవరి పేరైనా రాసి, పక్కన క్రియ రాసి, వాక్యం సగంలో వదిలి తాళం వేస్తే, సాయంత్రానికి మిగతా చిన్నమాట దానంతటదే వచ్చి ఉంటుంది. అప్, డౌన్, ఇన్, అవుట్, ఏదో ఒకటి. వచ్చిన మాట ప్రకారమే ఆ మనిషికి జరుగుతుంది. గది అద్దెకిచ్చేటప్పుడు ఇంటాయన అచ్యుతరావు, నల్లా రోజు విడిచి రోజు వస్తుందని చెప్పినట్టే ఈ సంగతీ చెప్పాడు.

మొదట్లో దోర్కా పెద్దగా పట్టించుకోలేదు. సిరి అనే అమ్మాయి పేరు పక్కన గెట్ అని రాసి మరిచిపోతే సాయంత్రానికి ఇన్ వచ్చింది. ఆ వారమే సిరికి నర్సింగ్ కాలేజీలో సీటు దొరికింది. ఆ తర్వాత ఎవరో అల్లరికి కింద టైర్ల షాపు రాజయ్య పేరు రాసి, బ్రేక్ దగ్గర ఆపేశారు. డౌన్ వచ్చింది. మూడు రోజులకు రాజయ్య పంక్చర్ వేస్తూ వేస్తూ ట్యూబు ఒళ్ళో పెట్టుకుని కుప్పకూలి ఏడ్చాడు. ఎందుకో ఆయనకే తెలియదు. నెల దాటినా ఆ ఏడుపు ఆగలేదు. "సగంల ఎందుకు ఇడిసిపెడ్తరమ్మా, పూర్తిగ రాసి పోవచ్చుగద" అని మాత్రం దోర్కాతో అన్నాడు.

అప్పట్నుంచి ఆమె చాక్‌పీసులు తన బ్యాగులోనే పెట్టుకుంటుంది. పూర్తయిన వాక్యం జోలికి బోర్డు పోదు. అందుకే తాళం వేసే ముందు ప్రతి వాక్యం చివరా చుక్క ఉందో లేదో చూసుకుంటుంది.

జూలైలో ఒక మంగళవారం పొద్దున పాస్ పాఠం చెప్పింది. క్రియ ఒక్కదాన్నే చూసి అర్థం చెప్పొద్దని, దాని పక్కన ఎవరు నిలబడ్డారో చూడాలని పిల్లలకు ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెప్పింది. పాస్ ఆన్ అంటే ఇంకొకరికి అందించడం. పాస్ బై అంటే పక్కనుంచి సాగిపోవడం. పాస్ అవుట్ అంటే మన దగ్గర చదువు ముగించుకుని బయటికి రావడం, తెల్లవాళ్ళ దగ్గర స్పృహ తప్పి పడిపోవడం. ప్యాకింగ్‌లో పనిచేసే కావ్య, పక్కన ఏమీ లేకపోతే ఏమిటని అడిగింది. పక్కన ఏమీ లేకపోతేనే నెగ్గడం అని చెప్పి, దోర్కా ఉదాహరణ మొదలుపెట్టింది. ఆమె భర్త బెన్నీ మల్లాపూర్‌లో ఒక రంగుల కంపెనీలో పనిచేస్తాడు. శనివారం ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు పరీక్ష ఉంది. బెన్నీ విల్ పాస్ అని రాసి, ద టెస్ట్ అని రాయబోతుంటే ఫోన్ మోగింది.

సూపర్‌వైజర్ బసవరాజు. "మేడం, బెన్నీ పాస్ అవుట్ అయిండు" అన్నాడు.

అరక్షణం ఆమె పరీక్ష సంగతే అనుకుంది. ట్యాంకు కడగడానికి లోపలికి దిగాడని, ఆవిరి పట్టేసిందని, పైకి లాగేసరికి ఒంట్లో తెలివి లేదని, ఉప్పల్‌లో దవాఖానాకు తెచ్చామని అతను చెప్పుకుంటూ పోయాడు. దోర్కా పిల్లల్ని పంపేసి, తాళం వేసి, ఉరికింది.

బెన్నీ ముక్కులో గొట్టం ఉంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. రేపటిదాకా ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. మార్తమ్మ కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నగొంతుతో ప్రార్థన చేస్తోంది. ఒంటిగంటప్పుడు ఒక నర్సు చార్టులో ఏదో రాస్తూ, ఎవరో పిలిస్తే సగంలో ఆపి వెళ్ళింది. ఆ సగం రాత చూడగానే దోర్కాకు బోర్డు గుర్తొచ్చింది. అత్తకు చెప్పింది.

"ఏం మాట రాసినవ్ బిడ్డా?"

"పాస్."

"దాని పక్కకు ఏమేమొస్తయి?"

దోర్కా అన్నీ చెప్పింది, ఒక్కటి తప్ప. మార్తమ్మ ఆమె ముఖం కాసేపు చూసి, ఉరకమన్నట్టు చెయ్యి ఊపింది.

ఆటో హబ్సిగూడ దగ్గర అరగంట నిలిచిపోయింది. ఆమె తలుపు తీసేసరికి రెండు దాటింది. మాట అప్పటికే వచ్చేసింది. తన రాతకంటే సన్నగా, కాస్త వాలుగా, పాస్ పక్కన అవే అని ఉంది.

పాస్ అవే అంటే చనిపోవడం.

డస్టర్‌తో తుడిచింది. తడిగుడ్డతో రుద్దింది. కిందికి పోయి రాజయ్యను పెట్రోలు అడిగితే, ఆయన ఎందుకని కూడా అడక్కుండా సీసాలో పోసిచ్చాడు. పెట్రోలుకూ పోలేదు. గోళ్ళతో గీకింది. అవే అన్న మాట అట్లాగే తెల్లగా ఉంది. ఆ గీకుడులో ఆమె కొంగు తగిలి, పక్కనున్న పాస్ సగం చెరిగిపోయింది.

దోర్కా చెయ్యి ఆగింది. పాస్ తను రాసింది. తన చేత్తో రాసింది తన చేతికి పోతుంది.

పూర్తిగా తుడిచేసింది. బెన్నీ విల్ అన్నదానికీ ఆ చిన్నమాటకూ మధ్య బెత్తెడు ఖాళీ మిగిలింది. దాన్ని అట్లా వదిలితే బోర్డు ఏం చేస్తుందో తెలియదు. పేరు కూడా తుడిచేస్తే ఆ మాట ఇంకెవరికి తగులుకుంటుందో. తను చెప్పిన పాఠాలన్నీ తలచుకుంది. త్రో పెడితే అవతల పారేయడం. టేక్ పెడితే ఎవరో పట్టుకుపోవడం. ఫేడ్ పెడితే కొంచెం కొంచెంగా మాసిపోవడం. గెట్ పెడితే తప్పించుకోవడం. ఇది బాగుందని మొదటి అక్షరం రాసింది కూడా. కానీ అది నేరం చేసినవాడు పట్టుబడకుండా పోయినప్పుడు అనే మాట అని తనే చెప్పింది. బెన్నీ నెత్తిన ఏ నేరం వచ్చి పడుతుందో. అది తుడిచింది. అవే అన్న మాట పక్కన ఏ క్రియ పెట్టినా మనిషి మన దగ్గర మిగలడం లేదు.

చివరికి గో అని రాసింది. గో అవే అంటే దూరంగా వెళ్ళిపోవడం. వెళ్ళిపోయినవాడు ఎక్కడో ఒకచోట బతికే ఉంటాడు. చివర చుక్క పెట్టి, చాక్‌పీసు బ్యాగులో వేసుకుని, మెట్ల మీద కూర్చుంది. కాసేపటికి మార్తమ్మ ఫోన్ చేసింది. కళ్ళు తెరిచాడట, నీళ్ళు అడిగాడట. బోర్డు మీద ఏమొచ్చిందని అడిగితే, మంచిదే అత్తమ్మా అంది.

ఆరోరోజు బెన్నీ ఇంటికొచ్చాడు. వాయిదా వేసిన పరీక్ష రాసి లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. కానీ మంచం రోడ్డు కనబడేటట్టు జరుపుకున్నాడు. వండింది తినేవాడు, అడిగినదానికి జవాబు చెప్పేవాడు. చుట్టమై వచ్చినవాడిలా, తిన్న కంచం తనే కడిగి పెట్టేవాడు. నెల తిరక్కుండానే ఒడిశాలో ఏదో రేవులో పని చూసుకున్నాడు.

"నాకు ఈడ ఏం తక్కువ లేదు దోర్కా" అన్నాడు ఆ సంగతి చెప్తూ. "ఎందుకో కాలు నిలుస్తలేదు."

నువ్వు చెప్తే వింటాడని మార్తమ్మ కోడలి చేతులు పట్టుకుంది. దోర్కా చెప్పలేదు. రెండుసార్లు మాత్రం, గదిలో ఒక్కతే ఉన్నప్పుడు, బెన్నీ పేరు పక్కన కమ్ అని రాసి తాళం వేద్దామనుకుంది. మొత్తం తనే రాస్తే జరగదు, చిన్నమాట బోర్డే వేయాలి. బ్యాక్ వస్తే తిరిగొస్తాడు. అపార్ట్ వస్తే ముక్కలవుతాడు. రెండుసార్లూ చాక్‌పీసు బ్యాగులో వేసేసింది.

చర్లపల్లి స్టేషన్‌కు ముగ్గురూ పొద్దున పదింటికి చేరారు. బెన్నీ సంచి రైల్లో పెట్టి, మళ్ళీ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, పోత మరి."

"గట్లనద్దు బిడ్డా. పోయొస్త అనాలె" అంది మార్తమ్మ.

బెన్నీ తలూపాడు. "పోయి" అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. ఆ పక్క మాట కోసం నోరు తెరిచి వెతుక్కున్నాడు. మార్తమ్మ తన పెదవులు కూడా కదిపింది, అందించడానికి. అతనికి అందలేదు. పాఠం మధ్యలో మాట దొరకని పిల్లల్లాగా దోర్కా వైపు చూశాడు.

"లోపలికి పో" అంది దోర్కా. "బండి కదుల్తుంది."