జీపు రంగు పచ్చ

గద్వాల పాత బస్టాండు ఎదురుగా తహసీన్‌కు రేడియం షాపు ఉంది. బండ్ల నంబరు ప్లేట్లు, ఆటోల వెనక రాతలు ఆమే కత్తిరించి అతికిస్తుంది. పని లేని మధ్యాహ్నాల్లో కౌంటరు మీద పాత పేపరు పరుచుకుని ప్లాస్టిక్ కారు కిట్లు కడుతుంది. ఒక్కో డబ్బాలో వంద దాకా చిన్న చిన్న ముక్కలుంటాయి. వాటిని విరిచి, అంచులు గీకి, అతికించి, రంగు వేస్తే అసలు బండిలో ఇరవై నాలుగో వంతు బండి తయారవుతుంది. చూసినవాళ్ళంతా బొమ్మ అంటారు. ఆ మాట తహసీన్‌కు పడదు. బొమ్మకు నాలుగు చక్రాలుంటే చాలు. మోడల్‌లో అయితే ఏ చక్రం ఎక్కువ అరిగిందో కూడా తెలియాలి.

ఆ ఎండాకాలం శ్రవణ్ కుమార్ షాపుకు వచ్చాడు. రాయచూరు రోడ్డులో కొత్త ఫంక్షన్ హాలు కట్టిస్తున్న మనిషి. ఫ్రేము కట్టించిన ఒక పేపరు కటింగు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. 2009 వరదప్పటి నలుపు తెలుపు ఫొటో. ఇటిక్యాల దగ్గర మునిగిన రోడ్డు, ఆ నీళ్ళలో ఒక జీపు, దాని టాపు మీదా బానెట్ మీదా కిక్కిరిసిన జనం.

"ఇది మా నాయిన లింగన్న బండి," అన్నాడు. "ఆ రోజు ఆయనే తోలి జనాన్ని ఒడ్డుకు చేర్చిండు. ఇప్పుడాయన లేడు. హాల్ల అడుగు పెట్టంగనే అద్దాల పెట్టెల ఈ జీపు కనపడాలె. అచ్చం గిట్లనే ఉండాలె చెల్లె. ఒక్క గీత తప్పినా నేను తీసుకోను."

ఆ చివరి మాటకే తహసీన్ ఒప్పుకుంది. ఆమె పనిని అంతవరకు ఎవరూ అలా అడగలేదు.

దొరికిన కిట్ పొట్టి జీపుది, అదీ విదేశీది. స్టీరింగు ఎడమ పక్కన ఉంది. తహసీన్ డ్యాష్‌బోర్డు కోసి స్టీరింగును కుడి పక్కకు మార్చింది. ఒక గ్యారేజీ వెనక తుప్పు పట్టి పడి ఉన్న, ఫొటోలోలాంటిదే పొడుగు కమాండర్ జీపును టేపుతో కొలిచి, ప్రతి కొలతనూ ఇరవై నాలుగుతో భాగించుకుంది. కిట్ బాడీని నడుమ కోసి, ఇరవై అయిదు మిల్లీమీటర్ల ముక్క అతికించి పొడవు సరిచేసింది. తర్వాత భూతద్దం పట్టుకుని ఫొటో ముందు కూర్చుంది.

మూడు సంగతులు అంతుపట్టలేదు. బండి రంగేమిటో తెలియదు. ముందరి అద్దం పైన ఏదో పేరు ఉంది, మొదటి అక్షరానికి ఎవరిదో కాలు అడ్డమొచ్చి 'గేంద్ర' మాత్రమే కనిపిస్తోంది. మూడోది, బండి వెనక నుంచి టాపు దాకా వంకరగా లేచిన నల్లటి గీత. అచ్చులో పడిన మరక అనుకుంది ముందు. కానీ ఆ గీత ఒక మనిషి భుజం వెనక మాయమై మళ్ళీ పైన కనిపిస్తోంది. మరక మనిషి వెనక్కి పోదు కదా.

శ్రవణ్ కుమార్‌కు ఫోను చేసింది.

"తెల్ల రంగెయ్యి, మంచిగుంటది," అన్నాడు. "అద్దం మీద నాయిన పేరు రాయి. ఆ గీత ఏందో నాకు తెల్వదు, ఇడిసిపెట్టు."

లింగన్న పేరులో 'గేంద్ర' ఎక్కడ ఉంది? అంత గట్టిగా చెప్పిన మనిషి ఇప్పుడు ఇడిసిపెట్టు అనడం తహసీన్‌కు నచ్చలేదు. ఆదివారం ఫొటో జిరాక్సు తీసుకుని ఇటిక్యాల బస్సెక్కింది.

బస్సు దిగినచోటే యాదయ్య టీ హోటలు ఉంది. ఆయన జిరాక్సు చూడగానే గుర్తుపట్టాడు.

"ఇది ఈరన్న జీపు గదమ్మా."

"లింగన్నది కాదా?"

"లింగన్నకు జీపెక్కడిది? బానెట్ మీద రేకు సందుగ పట్టుకొని కూసున్నడు సూడు, గాయనే లింగన్న."

ఈరన్న ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. ఆయన పత్తి మిల్లులో వాచ్‌మన్. అరవై దాటాయి. అరుగు మీద ఆయన భార్య నాగేంద్రమ్మ చింతపండు గింజలు తీస్తోంది. తహసీన్ వచ్చిన పని చెప్పి జిరాక్సు ఇస్తే ఈరన్న దాన్ని చాలాసేపు చూశాడు.

"పచ్చది," అన్నాడు. "ముదురు పచ్చ గాదు. లేత జొన్నాకు పచ్చ."

"మరి ఈ నల్ల గీత ఏంది పెద్దనాయిన?"

"పైపు. సైలెన్సర్ల నీళ్ళు పోతే బండి బందయితది. అందుకని బోరు మోటరు పైపు ముక్క తొడిగి టాపు మీదికి లేపి కట్టిన. పదకొండు మాట్ల పోయొచ్చిన. పన్నెండోసారి ఇంజన్లకు నీళ్ళు పొయినయి. ఇంగ అది లేవలే."

ఆ జీపే వాళ్ళ బతుకుదెరువు. అది తుక్కు కింద పోయాక ఈరన్న మిల్లులో చేరాడు.

"అద్దం మీద ఉన్నది నా పేరే," అంది నాగేంద్రమ్మ. "పెండ్లాం పేరు రాసుకున్నడని ఊరంత నవ్విరి."

ఫంక్షన్ హాల్లో జీపును లింగన్నదిగా పెట్టబోతున్న సంగతి తహసీన్ దాచలేదు. ఈరన్న జిరాక్సు మడిచి తిరిగి ఇచ్చాడు.

"పోనియ్ బిడ్డ. సచ్చినోని పేరు. నాకేమొస్తది?"

"ఎందుకు పోనియ్యాలె?" నాగేంద్రమ్మ చేతిలోని చింతపండు చేటలో పడేసింది. "బండి పోయింది, పోనిచ్చినం. పేరు గూడ పోనియ్యాల్నా? ఆ లింగన్నను బానెట్ మీద ఎక్కిచ్చింది ఈయనే. సందుగ ఇడిసి రమ్మంటే ఇడువలే ఆయన. సందుగ జాగల ఇంకో మనిషి పట్టుతుండె."

ఆమె లోపలికి వెళ్ళి రేకు డబ్బాలోంచి ఆర్సీ పుస్తకం తెచ్చింది. నంబరు చివర నలభై ఒకటి. ఫొటోలో నంబరు ప్లేటు మీద కనిపిస్తున్న చివరి రెండంకెలూ అవే.

తిరుగు బస్సులో తహసీన్‌కు ఒళ్ళు మండుతూనే ఉంది. తెల్ల రంగు అట. తండ్రి పేరు అట. ఒక మనిషి సర్వం పోగొట్టుకుంటే, బతికి బయటపడినవాడి కొడుకు దాన్ని తన ఇంటి గొప్ప చేసుకుంటాడా? దానికి తన చేతులు కావాలా?

వారం రోజులు పట్టు వదలకుండా పని చేసింది. ఇటిక్యాల చేలోంచి తెచ్చిన జొన్నాకు పక్కన పెట్టుకుని ప్లాస్టిక్ చెంచాల మీద రంగు కొట్టి చూసింది. నాలుగో చెంచాకు ఆ పచ్చ కుదిరింది. 'నాగేంద్ర' అక్షరాలను మూడేసి మిల్లీమీటర్ల ఎత్తున కోసింది. కరెంటు తీగ తొడుగు ఒలిచి పైపు చేసింది. బానెట్ మీద బొటనవేలంత లింగన్నను కూడా కూర్చోబెట్టింది, ఒళ్ళో సందుగతో.

శ్రవణ్ కుమార్ వచ్చి చూశాడు. ముందు ముఖం వెలిగింది, వెంటనే ముడుచుకుంది.

"పచ్చ ఎందుకేసినవ్?"

"బండి పచ్చదే అన్న."

"ఈ నాగేంద్ర ఎవరు?"

"ఇటిక్యాల ఈరన్న భార్య. బండి ఆయనది, తోలింది గూడ ఆయనే. ఆర్సీ నేను సూసిన. మీ నాయిన బానెట్ మీద ఉన్నడు, సూడండి."

అతను చూడలేదు. "ఊర్లోళ్ళు వంద చెప్తరు. బొమ్మలు చేసేదానివి, నీకెందుకు అవన్ని? తెల్ల రంగు కొట్టు, పేరు మార్చు. ఆ పైపు పీకెయ్, చెత్త లెక్కుంది."

"పైపు ఎందుకు కట్టిండ్రో మీ నాయిన మీకెప్పుడన్న చెప్పిండా?"

అతను కౌంటరు మీది ఫ్రేము అందుకున్నాడు.

"తోలినోడైతే చెప్పకుండ ఉండడు. అది లేకపోతే ఆ నీళ్ళల్ల బండి పది గజాలు గూడ పోదు. మీ నాయిన ఒడ్డుకు రాకపోతుండె."

"నా హాలు పనులు ఒక్కటి గూడ నీకు రావు ఇంగ. గద్వాలల ఎవరూ నీ షాపు మెట్లెక్కకుండ చేస్త."

"చేసుకోండి. కిట్ నాది, మీ దగ్గర నేనేం తీసుకోలే. ఇదైతే తెల్లగ కాదు."

అతను ఫ్రేము చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాక తహసీన్ కౌంటరు మీది పాత పేపరును నలిపి విసిరికొట్టింది. కోపం బెదిరింపుకు కాదు. సొంత తండ్రి ప్రాణం నిలబెట్టిన పైపును ఆ మనిషి చెత్త అన్నాడు.

హాలు ప్రారంభమైన మరునాడు ఆమె వెళ్ళి చూసింది. ద్వారం దగ్గర అద్దాల పెట్టెలో ఎక్కడో కొన్న బొమ్మ జీపు ఉంది, తెల్ల రంగుతో. స్టీరింగు ఎడమ పక్కనే ఉంది. కింద ఇత్తడి పలక మీద 'లింగన్న గారు స్వయంగా నడిపిన జీపు' అని చెక్కించారు. పెళ్ళికి వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పది మందిలో ఒక్కరైనా స్టీరింగు చూస్తారేమోనని తహసీన్ కాసేపు నిలబడింది. ఎవరూ చూడలేదు.

షాపుకు వచ్చి రోడ్డు వైపు అద్దం వెనకున్న స్టిక్కర్లన్నీ పీకేసింది. అక్కడ పచ్చ జీపు పెట్టి, పక్కన ఫొటో జిరాక్సు, ఒక అట్ట పెట్టింది. అట్ట మీద బండి నంబరు, ఈరన్న పేరు, ఊరు, పదకొండు మాట్ల పోయొచ్చిన సంగతి రాసింది. లింగన్న గురించి ఒక్క చెడ్డ మాట రాయలేదు. బానెట్ మీద ఉన్నది ఆయనే అని మాత్రం రాసింది.

మూడో రోజు మహిపాల్ వచ్చాడు. శ్రవణ్ కుమార్ దగ్గర పనిచేసే మనిషి.

"అన్న అది తీసెయ్యమన్నడు అక్కా."

"ఏది తప్పుందో చెప్పు. తప్పుంటే ఇప్పుడే తీస్త."

మహిపాల్ వంగి అట్ట చదివాడు. జీపు చుట్టూ చూశాడు, పైపు వెంబడి కళ్ళు పోనిచ్చాడు. "చెప్పమన్నది చెప్పిన," అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఫంక్షన్ హాల్లో తెల్ల జీపు మాత్రం అలాగే ఉంది. ఆ రోడ్డున పోయినప్పుడల్లా తహసీన్‌కు ఆ ఎడమ పక్క స్టీరింగే గుర్తొచ్చి కోపమొస్తుంది.

తర్వాతి సోమవారం సంగతి తెలిసి ఈరన్న, నాగేంద్రమ్మ షాపుకు వచ్చారు. నాగేంద్రమ్మ జీపు ముందరి అద్దం మీద తన పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఈరన్న కళ్ళజోడు సరిచేసుకుని లోపలికి తొంగి చూశాడు.

"అంత సరిగనే ఉంది బిడ్డ. డ్రైవర్ సీటే గిట్ల లేకుండె. స్పాంజి పోయింది. యూరియా సంచి మడిచి ఏసుకొని కూసుంటుంటి."

"గంత సిన్నది ఎవరికి కనపడ్తది?" అంది నాగేంద్రమ్మ.

"నాకు తెల్సినంక ఎట్ల ఉంచుత పెద్దమ్మ?"

తహసీన్ వాళ్ళిద్దరికీ స్టూళ్ళు వేసింది. అద్దం తెరిచి జీపు బయటికి తీసింది. టాపు ఊడదీసి, సన్నటి బ్లేడు అందుకుంది.

"సంచి మడిచిన వైపు ముందుకుంటుండెనా, ఎనకకా?" అని ఈరన్నను అడిగింది.