చంద్రయ్య పేరు

నేను రాసిన సాఫ్ట్‌వేర్‌కు మా నాన్న పేరే పెట్టాను, చంద్రయ్య అని. ఆయన తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీకి సెక్యూరిటీ గార్డు. వచ్చీపోయేవాళ్లను ఆయన రిజిస్టర్‌లో రాసే పద్ధతినే ఫోన్‌లోకి ఎక్కించి, కోడ్ మొత్తం అందరికీ ఉచితంగా వదిలేశాను. పేరు గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఊరికే ఇచ్చేదానికి రూల్స్ ఎందుకనుకున్నాను. బుద్ధి తక్కువ పని.

మాదాపూర్ కంపెనీ ఒకటి ఆ కోడ్ తీసుకుంది. పనిమనుషుల సంచులను ఫొటో తీసే ఏర్పాటు దానికి కలిపి, అదే పేరుతో మా నాన్న గేటుకే అమ్మింది. మొదటి రోజే, అక్కడి ఇళ్లలో పనిచేసే కొమురమ్మ ఆయన ముందు సంచి బోర్లించింది.

"సూడు చంద్రన్నా. నీ పేరు జెప్పి మమ్మల్ని దొంగలను జేస్తున్రు."

టిఫిన్ డబ్బా, మందుల చీటీ కింద పడ్డాయి. నాన్న వంగి ఏరి ఇచ్చాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆ పేరు తీసేయమని అడగడానికి కంపెనీకి వెళ్తే మేనేజర్ శ్రీనివాసులు నవ్వాడు.

"కోడే ఇచ్చేశారు, పేరు పట్టుకుని వేలాడటం ఎందుకండి? అది కూడా మాకు రాసిచ్చేయండి. మంచి ఉద్యోగం ఇస్తాం."

ఆ మాట నాన్నకు చెప్పాను.

"కోడు సంగతి నాకు తెల్వదు స్రవంతీ. గేటు కాడ రిజిస్టర్ అందరిది. సంతకం మాత్రం ఎవలు కూసుంటే ఆల్లదే. రాత్రి గార్డు తిరుపతి బదులు నేను కూసున్నా నా సంతకమే పెడ్త. తప్పయితే నన్నే అడగాలె గద."

నాకు కావలసింది దొరికింది. అక్కడే కూర్చుని, పేరు ఎలా వాడాలో చెప్పే పాలసీ రాశాను: 'కోడ్ తీసుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి. ఉన్నదున్నట్టు ఇస్తే చంద్రయ్య అనండి. మారిస్తే ఆ పేరు తీసేసి మీ పేరు పెట్టుకోండి.' ఆ పేరు ముందు వాడింది నేనేనని చూపించి ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు చేశాను. రెండూ కంపెనీకి పంపాను.

శ్రీనివాసులు ఫోన్ చేశాడు. "మాకు లాయర్లున్నారండి. మీరు ఎన్నాళ్లు నిలబడగలరు?"

"మా నాయిన రోజుకు పన్నెండు గంటలు గేటు కాడ నిలబడ్తడు సార్. మాకు కొత్త కాదు."

తెల్లారి నాన్న గేటు దగ్గర కంపెనీ పెట్టిన ట్యాబ్ మీద తన పేరున్నచోట తెల్ల ప్లాస్టర్ అంటించాడు. కమ్యూనిటీ సెక్రటరీ వచ్చి, ఉద్యోగం వద్దా అని గద్దించాడు. నాన్న పాత రిజిస్టర్ తెరిచి, కొమురమ్మ పేరు రాసి, పక్కన తన సంతకం పెట్టాడు.

"అది చంద్రయ్య కాదు సార్. చంద్రయ్యను నేను."